వెనక ఎడమ తలుపు

అదేనండీ, నిన్న కాఫీలు చల్లారిపోతున్నాయని మధ్యలో ఆపేశామే, ఆ ప్రేమమ్మ కారు సంగతే. షెడ్డు తలుపులు తీసేదాకా వచ్చాం కదా! నిన్న లేనివాళ్ల కోసం వెనక్కి వెళ్లి నాలుగు ముక్కలు చెప్పి, మళ్లీ షెడ్డు దగ్గరికి వద్దాం. బడిలో పాఠాలు చెప్పిన ప్రాణం, వెనక బెంచీలో ఎవరికో అర్థం కాలేదేమోనన్న అనుమానం చచ్చేదాకా పోదు.

ప్రేమమ్మకి అప్పుడు ఇరవై ఏళ్లు. యాభై ఎనిమిదో సంవత్సరం. పెంచింది పెడనలో అమ్మమ్మ వెంకాయమ్మ. అద్దకం షెడ్డులో బట్టలు ఉడకబెట్టి, కాలవలో జాడించే పని ఆవిడది. మోచేతుల దాకా ఎరుపు ఎక్కి ఉండేది, ఎంత తోమినా పోయేది కాదు. ఆ చేతులతోనే మనవరాలికి జడలు వేసింది, ఆదివారం గుడికి తీసుకెళ్లింది, బందరులో టీచరు ట్రైనింగు చదివించింది. వాటితోపాటు ఒక మాట కూడా రోజూ అన్నంలో కలిపి పెట్టింది.

"మీ నాన్న బద్ధకమేనే నా కూతుర్ని చంపింది."

ప్రేమమ్మ తండ్రి దానియేలు ఒకప్పుడు పూర్ణచంద్రరావు గారనే మోతుబరి దగ్గర డ్రైవరు. దివిసీమలో, నాగాయలంక దగ్గర ఆయన కమతం. కమతంలోనే కారు షెడ్డు, షెడ్డు పక్కన రెండు గదుల ఇల్లు, ఆ ఇంట్లో దానియేలు, భార్య అన్నమ్మ, ఐదేళ్ల ప్రేమమ్మ. నలభై మూడులో, ఈస్టరు ముందు లెంటు ఉపవాసాల రోజుల్లో, అన్నమ్మకి నెలలు నిండాయి. తెల్లారుజామున నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది, బందరు ఆస్పత్రికి తీసుకుపొమ్మంది మంత్రసాని. అన్నమ్మని కారు వెనక సీట్లో పడుకోబెట్టారు. కారు కదల్లేదు. గంటసేపు అవస్థపడి, చివరికి ఎడ్లబండి కట్టారు. అవనిగడ్డ చేరకముందే అన్నమ్మ పోయింది, కడుపులో బిడ్డతో సహా.

ఊళ్లోవాళ్లు ఊరుకుంటారా? లోకాన్నంతా ఎక్కించుకు తిప్పాడు, సొంత పెళ్లానికి మాత్రం బండి కదల్లేదట అన్నారు. దానియేలు ఎవరికీ ఎదురు చెప్పలేదు. కూతుర్ని పెడనలో అత్తగారికి అప్పగించి, ఉద్యోగం మానేసి, గుడివాడలో కాంతారావనే ఆయన మెకానిక్ షెడ్డులో చేరాడు. ఏటా క్రిస్మసుకి పెడన వచ్చేవాడు. వెంకాయమ్మ గడప తొక్కనిచ్చేది కాదు. గౌను గుడ్డ, బిస్కెట్ల పొట్లం అరుగుమీద పెట్టి, వీధిలో నిలబడి కూతుర్ని కాసేపు చూసుకుని, బస్సు వేళకి వెళ్లిపోయేవాడు.

అలాంటిది, ప్రేమమ్మకి మొదటి ఉద్యోగం గుడివాడలోనే పడింది. ఆడపిల్ల ఒంటరిగా ఎక్కడ ఉంటుంది? తండ్రి దగ్గరే ఉండాలి. పెట్టె సర్దుతూ వెంకాయమ్మ ఒక్కటే చెప్పింది.

"వెళ్లు. వెళ్లి అడుగు. ఆ రోజు బండి ఎందుకు కదల్లేదో వాడి నోటితో చెప్పించు. నేను మట్టిలో కలిసేలోపు నాకు తెలియాలి. తెలిసేదాకా వాణ్ణి నాన్నా అని పిలిచావంటే నా మీద ఒట్టే."

ప్రేమమ్మ పిలవలేదు. ఏ పిలుపూ లేకుండానే మాట్లాడేది. 'అన్నం వడ్డించాను', 'గొడుగు తీసుకెళ్లాలి' అని గోడలకి చెబుతున్నట్టు చెప్పేది. వెళ్లిన వారానికే అడిగేసింది కూడా.

"ఆ రోజు కారు ఎందుకు కదల్లేదు?"

దానియేలు కంచంలోంచి తల ఎత్తలేదు. "నాదే తప్పమ్మాయ్. ముందురోజు శుభ్రం చెయ్యలేదు."

అంతే. నెల తర్వాత ఇంకోసారి అడిగింది. "నాదే తప్పమ్మాయ్. ముందురోజు శుభ్రం చెయ్యలేదు." అక్షరం మారలేదు. ప్రేమమ్మ కొత్త టీచరే గానీ ఇలాంటి జవాబు పోల్చుకోగలదు. జరిగింది చెప్పే పిల్లవాడు ఒక్కోసారి ఒక్కోలా చెబుతాడు, ఒకటి మర్చిపోతాడు, ఒకటి కలుపుతాడు. మాట పొల్లుపోకుండా చెప్పాడంటే కంఠతా పట్టాడన్నమాట! పదిహేనేళ్ల కిందట పట్టిన పాఠాన్ని ఈయన ఇంకా అప్పజెబుతున్నాడు. ఎవరు నేర్పారో, ఎందుకు నేర్చాడో మాత్రం తెలియలేదు.

ఆ ఎండాకాలంలోనే పూర్ణచంద్రరావు గారు కమతం అమ్మేశారు. "దానియేలూ, షెడ్డులో కారు అలాగే పడి ఉందిరా. మా ఇంట్లో ఎవరం దాని మొహం చూడం. నువ్వు తీసుకుపో, లేకపోతే ఇనపసామాను వాడికి ఇచ్చేస్తా" అని కబురుపెట్టారు.

తండ్రీ కూతుళ్లు ఇద్దరూ వెళ్లారు. ఇదిగో, షెడ్డు దగ్గరికి వచ్చేశాం.

తలుపులు తీయగానే లోపల్నించి చల్లటి గాలి తగిలింది. బయట ఎండ మాడిపోతోంది, లోపల గాలి మాత్రం బావిలోంచి వచ్చినట్టుంది. నల్లకారు. టైర్లు కుళ్లి, బండి మోకాళ్లమీద కూర్చున్నట్టుంది. సాలెగూళ్లు తెరలు కట్టాయి. మూడు తలుపులు వేసే ఉన్నాయి. వెనక ఎడమ తలుపు బార్లా తీసి ఉంది.

"ఎవరు తీశారు?" అంది ప్రేమమ్మ, గొంతు తగ్గించి.

"ఎవరూ తియ్యలేదు. ఎవరూ వెయ్యలేదు." దానియేలు గడప బయటే చెప్పులు విడిచాడు. "మీ అమ్మని ఎడ్లబండిలోకి ఇట్నించే దించాం."

లోపలికి వెళ్లి తలుపుమీద చెయ్యి వేశాడు. వెంటనే మూయలేదు. కాసేపు ఆగి, పక్కకి జరిగి, ఎవరికో దారి ఇచ్చినట్టు నిలబడి, ఆ తర్వాత మెల్లిగా మూశాడు. చప్పుడు కాలేదు. పదిహేనేళ్ల తుప్పు పట్టిన తలుపు చప్పుడు చెయ్యకుండా ఎలా పడిందో ప్రేమమ్మకి అంతుపట్టలేదు.

రెండు జతల ఎడ్లు కట్టి రోడ్డుమీదకి లాగించారు. అక్కణ్ణించి ధాన్యం లారీమీద గుడివాడ. కారు వెనక బిగించిన నిలువెత్తు ఇనప డ్రమ్ముని మాత్రం దానియేలు తన చేత్తోనే విప్పి, గోనెసంచులు చుట్టి, విడిగా ఎక్కించాడు. ఆ డ్రమ్మేమిటో చెప్పాలి, ఇప్పటివాళ్లకి చెబితే కోతలంటారు! యుద్ధం రోజుల్లో పెట్రోలుకి కూపన్లు. చేసేదిలేక కార్లకీ బస్సులకీ వెనకాల పొయ్యిలాంటి డ్రమ్ము బిగించి, అందులో బొగ్గులు రాజేసి, ఆ గ్యాసుతోనే ఇంజను నడిపేవారు. బందరు ఇసకదిబ్బల్లో సరుగుడు కాల్చి చేసిన బొగ్గంటే డ్రైవర్లకి ప్రాణం. పూర్ణచంద్రరావు గారి కారు కూడా ఆ కాలంలో బొగ్గుతో నడిచిందే.

ఇంటి పెరట్లో తాటాకు పందిరి వేసి కారు అందులో పెట్టారు. డ్రమ్ము పెరటి మూలకి పోయింది. మూతని తీగతో ఏడెనిమిది చుట్లు బిగించాడు దానియేలు.

"ఇప్పుడు పెట్రోలు దొరుకుతోందిగా, దానితో పనేముంది?" అంది ప్రేమమ్మ.

"పనిలేదు."

"అయితే పారేయొచ్చుగా?"

దానియేలు తీగకి ఇంకో మెలిక వేశాడు.

పని మొదలైంది. శనివారాలు, బడి వదిలాక సాయంత్రాలు, ఎండాకాలం సెలవుల్లో పగలంతా. మొదట్లో ప్రేమమ్మ ఊరికే కూర్చునేది, దానియేలు ఎప్పుడైనా నోరు జారతాడేమోనని. పోలీసువాళ్లు కూర్చుంటారే, అలాగ. కానీ ఎంతసేపని కూర్చుంటుంది? స్పానరు అందించింది. తర్వాత తనే తిప్పింది. దానియేలు పద్ధతి ఒకటుంది. విప్పిన ప్రతి నట్టూ దాని బోల్టుకే తిరిగి వెళ్లాలి. అందుకని కొబ్బరిచిప్పలు వరసగా పేర్చి, ఒక్కో చోటి సామాను ఒక్కో చిప్పలో వేసేవాడు. ప్రేమమ్మ కాగితం ముక్కలమీద గుండ్రంగా రాసి చిప్పలకి అతికించింది: 'ముందు కుడి చక్రం', 'నీళ్ల పంపు', 'పేరు తెలియనిది'.

"పేరు తెలియనిదేంటి పంతులమ్మా? దానికీ ఓ పేరుంటుంది."

"చెబితేగా రాసేది."

"నాకూ తెలీదు. ముప్పై ఏళ్లబట్టీ విప్పుతున్నా, పేరడిగినవాళ్లు లేరు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఒకరి నవ్వు ఒకరు వినడం అదే మొదటిసారి. ఇద్దరూ వెంటనే ఆపేసుకున్నారు.

తలుపు సంగతి మాత్రం ప్రేమమ్మకి నిద్రలేకుండా చేసింది. మధ్యాహ్నం ఎప్పుడు పెరట్లోకి వచ్చినా వెనక ఎడమ తలుపు తీసే ఉండేది. మూసేది. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ తీసి ఉండేది. గడియ అరిగిందేమోనని విప్పి, నూనె వేసి, కొత్త స్ప్రింగు పెట్టింది. అయినా అంతే. ఒకరోజు బడికి సగంపూట సెలవిస్తే పన్నెండున్నరకి ఇంటికొచ్చి, వంటింటి కిటికీలోంచి చూసింది. దానియేలు కాంతారావు షెడ్డునుంచి అన్నానికి వచ్చి, కాళ్లు కడుక్కుని, నేరుగా కారు దగ్గరికి వెళ్లాడు. వెనక ఎడమ తలుపు తీశాడు. పక్కకి జరిగి నిలబడ్డాడు. ఎంతసేపు? నిండునెలల మనిషి ఎక్కి, చీర సర్దుకుని, వెనక్కి వాలేంతసేపు.

"ఎక్కావా?" అన్నాడు.

కారులో ఎవరూ లేరు. దానియేలు తలుపు మూయకుండానే అన్నానికి వచ్చేశాడు. ప్రేమమ్మ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. ఆ పూట ఎవరికి ఏం వడ్డించిందో ఆమెకి తెలియదు.

ఇంజను విప్పిన రోజు కాంతారావు చూడ్డానికి వచ్చాడు. నోరు పెద్దది, మనసు మంచిది. వస్తూనే మొదలెట్టాడు.

"ఏం దానియేలు మావయ్యా, శవానికి స్నానం చేయిస్తున్నావా?"

"నీ నోట మంచి మాట రాదేం కాంతారావూ?"

"వస్తే నా దగ్గరికెవరొస్తారు? ఏదీ, ఇలా తే." దానియేలు కిరసనాయిల్లో వేసి తుడుస్తున్న వాల్వుని లాక్కుని ఎండలో పట్టుకుని చూశాడు. నల్లటి జిగురు గట్టిపడి, లక్కలా అంటుకుని ఉంది. "ఏంటిది?"

"పాత నూనె" అన్నాడు దానియేలు.

"నాకు చెబుతున్నావా? నూనె ఇలా ఉంటుందా? తారు మావయ్యా, తారు! ఇది బొగ్గుబండి కదూ? బొగ్గు కానిదేదో పోసుంటారు డ్రమ్ములో. పచ్చికట్టో ఏదో. వేడిమీద నడుస్తుంది, చల్లారిందంటే వాల్వులు ఎక్కడివక్కడ అతుక్కుపోతాయి. మర్నాడు దేవుడొచ్చి హ్యాండిల్ కొట్టినా స్టార్టవదు. ఏ బుద్ధిలేని వెధవ వేశాడో గానీ..."

"ఆ మాటనకు."

గట్టిగా అనలేదు దానియేలు. కానీ కాంతారావు చేతిలో వాల్వు కిందపడింది. పదిహేనేళ్లుగా ఎవరేమన్నా తలొంచుకుపోయిన మనిషి, పెళ్లాన్ని చంపుకున్నావని మొహంమీద అన్నా పలకని మనిషి, ఎవరో తెలియని మనిషిని తిట్టినందుకు లేచి నిలబడ్డాడు. కళ్లు ఎర్రబడ్డాయి.

"ఊరికే అన్నాలే మావయ్యా" అని కాంతారావు తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

ప్రేమమ్మ అంతా చూసింది. శుభ్రం చెయ్యకపోవడం కాదు, డ్రమ్ములో ఎవరో ఏదో వేశారు. ఎవరు వేశారో దానియేలుకి తెలుసు. ఆ మనిషిని ఎవరూ ఒక్క మాటనడానికి వీల్లేదు. ఎవరై ఉంటారు? తనే ఏ తాగిన మత్తులోనో వేశాడా? అయితే తనని తను దాచుకోవడానికే ఈ పాఠమంతా. అమ్మమ్మ అన్నదే నిజమన్నమాట! ఆ తర్వాత నాలుగు రోజులు ఇద్దరి మధ్యా మాటల్లేవు. చిప్పలు మాత్రం ఒక్కొక్కటే ఖాళీ అవుతూ వచ్చాయి.

పనంతా అయ్యేసరికి వానలు కూడా వెనకపట్టాయి. ఒక శనివారం, మిట్టమధ్యాహ్నం, సీసాతో పెట్రోలు పోసి దానియేలు హ్యాండిల్ కొట్టాడు. ఒకటి. రెండు. బండి ఊపిరి పీల్చినట్టు పీల్చింది, వదిలేసింది. మూడోసారి ప్రేమమ్మ కూడా చెయ్యి కలిపింది. ఇంజను దగ్గింది, ఒళ్లంతా వణికింది, అందుకుంది! వెనక పొగగొట్టంలోంచి పదిహేనేళ్ల మసి ఒక్కుమ్మడిగా బయటికొచ్చి పందిరంతా కమ్మేసింది.

ఆ పొగలో ఒక వాసన ఉంది. తియ్యగా, కమురుగా. ప్రేమమ్మ ఆ పొగని మళ్లీ పీల్చి చూసింది.

"అమ్మ వంటింటి వాసన" అంది.

దానియేలు ఇంజను ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో వెనక ఎడమ తలుపు దానంతటదే సన్నగా కిర్రుమని తెరుచుకుంది. ఇంజను వణుకుకేనండీ, అనుకుందాం.

ప్రేమమ్మ కటింగ్ ప్లేరు తీసుకుని పెరటిమూలకి నడిచింది. తీగ చుట్లు ఒక్కొక్కటే తెంపింది. మూత తుప్పుపట్టి బిగుసుకుపోతే సుత్తితో కొట్టింది. దానియేలు ఆపలేదు. కారు ఫుట్‌బోర్డుమీద కూర్చుని, చేతులు రెండూ మోకాళ్లమధ్య పెట్టుకుని, నేలకేసి చూస్తూ ఉండిపోయాడు.

డ్రమ్ము నిండా తాటి టెంకలు. అడుగున కాలి నల్లబడ్డవి, పైన సగం కాలినవి, ఇంకా పైన పీచు కూడా మాడనివి.

తాటి టెంకలు దివిసీమలో ఇంటింటా కాల్చేవే. లోపలి తెల్లటి బుర్రగుంజు తినేసి, టెంకలు ఎండబెట్టి పొయ్యిలో వేస్తారు. కణకణా మండుతాయి, ఒక్క టెంక పెడితే పప్పు ఉడికిపోతుంది. ప్రేమమ్మ ఒక టెంక చేతిలోకి తీసుకుంది. ఆ బరువు చేతికి గుర్తుంది. మురుక్కాలవ గట్టున తాటిచెట్ల కింద ఏరి, గౌనులో పోసుకుని తెచ్చేది. అమ్మ వంగలేదు, అంత పెద్ద పొట్ట. షెడ్డులో ఎండ చారలు పడుతున్నాయి. అమ్మ మూత పట్టుకుంది. "పాపం మీ నాన్న, మళ్లీ బొగ్గు కోసం బందరు దాకా పోవాలిట. ఇవి ఇంత బాగా మండుతాయే, దీనికేం చేదు? వెయ్యమ్మా, వెయ్యి." తను పీట ఎక్కి ఒక్కొక్కటే లోపల పడేసింది. ఒకటి, రెండు అని లెక్కపెడుతూ పడేసింది. ఇరవై దాకా అంకెలు వచ్చినందుకు అమ్మ ముద్దుపెట్టుకుంది.

ప్రేమమ్మ టెంక పట్టుకుని కారు దగ్గరికి వచ్చింది.

"నాన్నా" అంది.

దానియేలు తలెత్తాడు. ఐదేళ్ల పిల్లని పెడనలో దించి వచ్చాక ఆ పిలుపు ఆయన చెవిన పడలేదు.

"నేను వేశాను నాన్నా."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"ఆ సాయంత్రం అయ్యగారు అవనిగడ్డ పోదామన్నారు. బండి లాగలేదు, ఏదో కమురు వాసన. బొగ్గు చెమ్మగిల్లిందేమో అనుకున్నా. తెల్లారుజామున మీ అమ్మని పడుకోబెట్టి హ్యాండిల్ కొడితే ఊపిరి పట్టదే! చక్రంలా తిరుగుతోంది, పట్టదు. అనుమానమొచ్చి డ్రమ్ము దగ్గరికెళ్లా. మూతమీద మసిలో నీ చెయ్యి ఉంది. ఐదు వేళ్లూ, ఇంతింత. ఆ మూత నీ ఒక్కదానికి లేవదు, పట్టింది మీ అమ్మే. తీసి చూశా. మళ్లీ పెట్టేశా. ఆ చెయ్యి తుడిచేశా."

"అమ్మకి చెప్పావా?"

"వెనక సీట్లోంచి అడిగింది, ఏమైందీ అని. నొప్పుల్లోనే. ఏం చెప్పనమ్మాయ్? నువ్వు వేయించినవాటితోనే ఆగిపోయిందని చెప్పనా? నాదే తప్పు, నిన్న శుభ్రం చెయ్యలేదు అన్నా. 'ఇవాళే కుదిరిందా నీ బద్ధకం' అంది. నాతో అదే ఆఖరి మాట. ఎడ్లబండిలో నావైపు చూళ్లేదు. నా మీద కోపంతోనే పోయింది." దానియేలు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "పోనీలే. తన మీద తను కోపంతో పోలేదు కదా."

టెంక ఇంకా ప్రేమమ్మ చేతిలోనే ఉంది. ఎక్కడ పెట్టాలో తోచలేదు.

"నువ్వేం తప్పు చెయ్యలేదు" అన్నాడు దానియేలు. "బొగ్గు అయిపోయిందని ఆ పొద్దున విసుక్కున్నది నేను. ఆ విసుగు చూళ్లేకే మీ అమ్మ ఆ పని చేసింది. అందుకే, నాదే తప్పని చెబితే అబద్ధం చెప్పినట్టు నాకెప్పుడూ అనిపించలేదు."

మర్నాటి ఆదివారం కారు తీశారు. గుడివాడ నుంచి బయలుదేరేటప్పుడు దానియేలు వెనక ఎడమ తలుపు తీసి పక్కకి జరిగాడు. కూతురు చూస్తోందని సిగ్గుపడి మూయబోయాడు.

"ఉండు నాన్నా" అంది ప్రేమమ్మ. కాసేపాగింది. "ఊ, ఎక్కింది. ఇప్పుడు వెయ్యి."

నాగాయలంక దగ్గర సమాధుల దొడ్డిలో అన్నమ్మ సమాధి దగ్గర ఇద్దరూ కాసేపు కూర్చుని వచ్చారు. దారిపొడుగునా ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. వెనక ఎవరో నిద్రపోతున్నప్పుడు మాట్లాడినట్టు మెల్లిగా మాట్లాడుకున్నారు. వచ్చేటప్పుడు బందరుమీదుగా పెడన.

నిజం చెబితే నాన్న మీద పడ్డ మచ్చ ఈ పూటతో పోతుంది. పదిహేనేళ్ల తర్వాత ఆ గడప లోపలికి వస్తాడు. దారిలో దానియేలు బతిమాలాడు, ముసలావిడకి చెప్పొద్దని. ప్రేమమ్మ ఊఁ అనలేదు. చెప్పేయాలనే అనుకుంది. నేనే వేశానని తన మీద వేసుకుని చెబితే అమ్మకి మాటరాదు కదా అని కూడా లెక్కవేసుకుంది.

కారు వీధిలో ఆగింది. దానియేలు అలవాటుగా అరుగు కిందే నిలబడ్డాడు. ప్రేమమ్మ లోపలికెళ్లింది. వెంకాయమ్మ పొయ్యి ముందుంది. పొయ్యిలో తాటి టెంకలు కణకణా మండుతున్నాయి. అదే వాసన.

"వచ్చావా! ఉండు, కూర ఇప్పుడే దింపేస్తా. ఇవి పెడితే క్షణం పట్టదు." వెంకాయమ్మ ఇంకో టెంక లోపలికి నెట్టింది. "మీ అమ్మకి కూడా నేనే నేర్పాను. చుట్టూ తాటిచెట్లు పెట్టుకుని పుల్లల కోసం ఏడుస్తావేంటే, టెంకలు పెట్టు, వీటితో రైలింజనైనా నడిచిపోతుందీ అని. ఎంత నవ్విందో పిచ్చిముండ." కొంగుతో కళ్లు తుడుచుకుంది, పొగకో దేనికో. అప్పుడు మనవరాలి వైపు తిరిగింది. "అడిగావా?"

"అడిగాను."

"ఏమన్నాడు? నిజం చెప్పు."

ప్రేమమ్మ పొయ్యిలోకి చూసింది. అమ్మమ్మ ఎర్రటి చేతులు చూసింది. బయట వీధిలో నిలబడ్డ మనిషి నీడ గడపదాకా వచ్చి ఆగి ఉంది.

"ఆయనదే తప్పట. ముందురోజు శుభ్రం చెయ్యలేదుట" అంది. అక్షరం మారలేదు.

వెంకాయమ్మ మోకాళ్లమీద చేతులు వేసుకుని, బరువు దించుకున్నదానిలా నిట్టూర్చింది.

"నేను చెప్పలేదూ? సరే. నోటితో ఒప్పుకున్నాడు, అది చాలు నాకు. ఎండలో నిలబడ్డాడేం, లోపలికి రమ్మను. అన్నం తిని పొమ్మను."

దానియేలు తలవంచుకుని గడప దాటాడు. టెంకల నిప్పుమీద ఉడికిన కూరతో అత్తగారు వడ్డిస్తుంటే తండ్రీ కూతుళ్లు పక్కపక్కనే కూర్చుని తిన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. వీధిలో పిల్లలు మాత్రం కేకలేస్తున్నారు, కారు వెనక తలుపు తెరుచుకుందని.

ఆ తర్వాత కథ చిన్నదే. వెంకాయమ్మ మరో ఆరేళ్లు బతికి, అల్లుడి చేతి నీళ్లు తాగి పోయింది. దానియేలు ఆ తర్వాత కొన్నాళ్లకి పోయాడు. ప్రేమమ్మ గుడివాడలో ముప్పై ఎనిమిదేళ్లు పాఠాలు చెప్పింది. ఆ కారు వేసుకునే బడికి వచ్చేది. ఎంతమంది పిల్లలు ఎక్కి తొక్కినా వెనక ఎడమ పక్క ఎవర్నీ కూర్చోనిచ్చేది కాదు. రిటైరై పెడనలో అమ్మమ్మ ఇంట్లోనే ఉంటోంది, కారు రేకుల షెడ్డులో ఉంది. ఈ సంగతంతా తన పదవీ విరమణ రోజున, దండలు తీసి పక్కన పెట్టుకుంటూ, తోటి టీచర్నైన నాకు చెప్పింది. ఎవరికీ చెప్పొద్దని మాత్రం అనలేదు. చెప్పమనీ అనలేదు.

మీకు చెప్పిందంతా రాయడమైతే రాసేశాం. ఒకరి తప్పు కనపడకుండా ఇద్దరు మనుషులు జీవితమంతా చేతులు అడ్డం పెట్టుకున్న సంగతి ఇది, అడక్కుండా అచ్చుకి ఇవ్వడం మర్యాద కాదు. ప్రేమమ్మ నంబరు డైరీ వెనక అట్టమీద ఉంది. ఉంచమంటే ఉంచుదాం, చింపమంటే చింపేద్దాం. ఫోను ఇప్పుడే చేసేద్దును గానీ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. ఈ వేళకి ఆవిడ షెడ్డులో ఉంటుంది, వెనక ఎడమ తలుపు తీసి, పక్కకి జరిగి. ఆ తలుపు వేసి ఇంట్లోకి వచ్చేదాకా ఆగి, అప్పుడు చేస్తాను.